మూడో బెంచీ మీద నీలం డ్రమ్ము

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు టీచర్లు ఒకరిద్దరు అప్పుడప్పుడూ మా ఇంటికొస్తున్నారు. చిన్నపిల్లలు. టీ తాగుతారు, నా మోకాళ్ళ నొప్పుల గురించి మర్యాదకి అడుగుతారు, ఆ తర్వాత అసలు సంగతిలోకి దిగుతారు. "మేడం, అలంకారాలు ఎలా చెప్పాలండీ? పిల్లలకి బొత్తిగా ఎక్కట్లేదు."

వాళ్ళకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి నా గొంతు పోతోంది. పైగా ప్రతిసారీ టీ పెట్టాల్సి వస్తోంది.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పెళ్ళయి విశాఖపట్నం నుంచి ఓడెక్కి వచ్చాను. ఆ ఓడలో నా కడుపు పడ్డ పాట్లు తలుచుకుంటే మళ్ళీ ఎక్కాలనిపించలేదు, ఇక్కడే స్థిరపడిపోయాను. మా పిల్లల సంగతి మీకు తెలిసిందే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పరీక్షల్లో ఇంగ్లీషు. తెలుగు పేజీ ఇస్తే కూడబలుక్కుంటూ చదువుతారు. మాట్లాడమంటే మాత్రం ఆపడం మన తరం కాదు.

అలాంటి పదో తరగతికి ఉపమాలంకారం చెప్పి, సొంతంగా ఒక ఉదాహరణ రాసుకు రమ్మన్నాను. క్లాసు క్లాసంతా ఒకటే రాసుకొచ్చింది: ఆమె ముఖము చంద్రబింబము వలె ఉన్నది. ఒళ్ళు మండింది నాకు. చుట్టూ సముద్రం పెట్టుకుని, పొద్దున్న లేస్తే ఓడ కూత వింటూ, ఒక్కడికైనా చంద్రుడు తప్ప ఇంకోటి తోచదా? "ఈ క్షణం నుంచి ఈ క్లాసులో చంద్రుడికి సెలవు" అన్నాను. "పద్మాలకీ, నెమళ్ళకీ కూడా సెలవే. మీరు చూసింది చెప్పండి."

 తర్వాత వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. చౌల్దారీ నుంచి బస్సులో వచ్చే పిల్లాడు, వాళ్ళ నాన్నకి అక్కడ కూరగాయల తోట. "హెడ్మాస్టర్ సార్ గొంతు ఓడ హారన్ లాగా ఉంటుంది మేడం. దూరం నుంచే తెలిసిపోతుంది, భాగ్నే కా టైమ్ మిల్తా హై." పారిపోవడానికి టైము దొరుకుతుందట! క్లాసంతా ఘొల్లుమంది. సమానధర్మం కూడా కలిపి చెప్పాడు వెధవ, ఏమనను? ఆ రోజు నుంచి వాడికి కవిగారని పేరు పడింది. ఇక వాళ్ళనాపడం నావల్ల కాలేదు. అలంకారాలంటే పిల్లలకి ఎక్కకపోవడం కాదు, మనం పొయ్యి మీద పెట్టకుండా వడ్డిస్తున్నాం, అంతే.

ఇక అసలు కథలోకి వస్తాను. ఆ క్లాసులో మూడో బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. లెక్కల్లో దిట్ట, మాటల్లో పొదుపరి. రోజు విడిచి రోజు బడికి వచ్చేది కాదు, వచ్చినా మధ్యలో ఎప్పుడో తడిసిన పరికిణీతో గుమ్మం దగ్గర నిలబడేది. హెడ్మాస్టరు గారు రిజిస్టరు చూసి, "ఇలాగే సాగితే హాజరు చాలదు. బోర్డు పరీక్షకి కూర్చోనివ్వరు. తర్వాత నన్ననకండి" అని అప్పటికే చెప్పేశారు. ఒకరోజు పేరు పిలిచి, ఎవరూ పలక్కపోతే, "ఏదమ్మా ఈ పిల్ల?" అనడిగాను.

"పానీ డే కదా మేడం. దాని డ్రమ్ లైన్లో ఉంది" అంది ఆమె పక్కన కూర్చునే అమ్మాయి.

"డ్రమ్ము లైన్లో ఉంటే ఈవిడ బడికి రావచ్చుగా?"

క్లాసంతా నన్ను జాలిగా చూసింది. మాకు క్వార్టర్సులో ట్యాంకు ఉండేది, నీళ్ళ లైను ధర్మాలు నాకేం తెలుసు? వాళ్ళే నేర్పారు. లంబాలైన్ అనే పేటలో వాళ్ళ సందు రెండు లైన్లు. గుట్ట మీద పై లైను, సొంత ఇళ్ళు, ఇంట్లో తొట్టి, మోటరు. దిగువన కింది లైను, అద్దె గదులు, అందరికీ కలిపి ఒకే వీధి కుళాయి. నీళ్ళొచ్చే రోజున, అదే వీళ్ళ పానీ డే నాడు, తెల్లవారుజామునే పై లైనుకి వదులుతారు. వాళ్ళ తొట్లు నిండాక కింది లైనుకి. ఆ సమయానికి మా బడి గంట కొడుతుంది. ముందురోజు సాయంత్రమే డ్రమ్ములు వరసలో పెట్టేసుకుంటారు. డ్రమ్ము పెడితే మనిషి నిలబడ్డట్టే లెక్క, దాన్ని ఎవరూ జరపరు. కానీ కుళాయి తిప్పేసరికి పట్టేవాళ్ళు మాత్రం ఉండాలి. ఆ పిల్ల నాన్న వేట పడవ మీద, అమ్మ తెల్లవారుజామునే చేపల రేవులో. ఇక మిగిలిందెవరు? కింది లైను పిల్లలు ఇంకొందరు కూడా ఇందుకే అప్పుడప్పుడూ మానేవాళ్ళు గానీ, ఈ పిల్లకి ప్రతిసారీ తప్పేది కాదు.

నాకు ఆవేశం ఎక్కువ. "అయితే మనం అలంకారాలు నేర్చుకున్నది దేనికి? అర్జీ రాద్దాం. కింది లైనుకి ముందు నీళ్ళు వదలమని అడుగుదాం" అన్నాను. పుస్తకంలో అప్పుడు అతిశయోక్తి నడుస్తోంది. కవిగారు రాత్రికి రాత్రే రాసుకొచ్చాడు. మా కుళాయి కన్నీరు కార్చి కార్చి యుగాల క్రితమే ఎండిపోయిందట. చుక్క నీరు లేక వీధి వీధంతా నాలుకలు అట్టకట్టుకుపోయాయట. పైపుల్లో బల్లులు కాపురం పెట్టి పిల్లల్ని కన్నాయట. నేను శభాష్ అని వీపు తట్టాను. మా హిందీ టీచరు ఆ ఊపు ఒక్క పిసరు తగ్గకుండా హిందీలోకి మార్చిపెట్టింది. నీళ్ళ ఆఫీసులో ఇచ్చి వచ్చాం.

ఆఫీసువాళ్ళు అలంకారశాస్త్రం చదువుకోలేదు పాపం. ఉన్నది ఉన్నట్టు నమ్మారు. గడ్డపారలతో మనుషులొచ్చారు, పైపు మూసుకుపోయిందని వీధి మధ్యలో నడుంలోతు గొయ్యి తవ్వారు. తవ్వుతూ బాగున్న పైపు కాస్తా పగలగొట్టారు. కింది లైనుకి వచ్చే ఆ కాసిని నీళ్ళూ నిలిచిపోయాయి.

నేను పరిగెత్తుకెళ్ళేసరికి లైనులోని ఆడవాళ్ళంతా గొయ్యి చుట్టూ చేరి ఉన్నారు. నీళ్ళు వదిలే ఆయన్ని అక్కడ అందరూ చాబీ భయ్యా అంటారు. పైపు వాల్వు తిప్పే పొడుగాటి ఇనుప చాబీ భుజానేసుకుని నా ఎదురుగా నిలబడ్డాడు. "మేడం జీ, నీళ్ళు బరాబర్ వదుల్తున్నాను కదా? బల్లి ఎక్కడుంది? దిఖాయియే. గొయ్యి తవ్వే ఉంది, దిగి చూపించండి."

ఆ పిల్ల అమ్మ చేపల బుట్ట నెత్తిన ఉండగానే నన్ను దులిపేసింది. "ఏటండీ టీచరుగారూ, మీరు పాటాలు చెప్పుకోక మా వీదిలో గోతులు తవ్విస్తన్నారేటి? ఉన్న నీలు కూడా పోనాయి!"

ఏం చెప్పను? అది అతిశయోక్తి అలంకారమమ్మా అని చెబితే చేపలు నా మీదికి వచ్చేవి. పైపు అతికేదాకా మా పిల్లలు సైకిళ్ళ మీద క్యాన్లు కట్టుకుని ఇళ్ళిళ్ళకీ నీళ్ళు మోశారు. కవిగారు మోసినన్ని ఎవరూ మొయ్యలేదు. వాడు చెమట తుడుచుకుంటూ నాతో, "మేడం, ఇకముందు బల్లుల్ని తెచ్చే పని పెట్టుకోను" అన్నాడు. పుస్తకంలో ఉదాహరణలన్నీ కలిపినా ఇంత బాగా తెలిసేది కాదు. అవతలివాడికి ఇది గొప్ప చేసి చెప్పడమని తెలిసినప్పుడే అతిశయోక్తి. తెలియకపోతే అబద్ధం, ఆపైన గొయ్యి.

తర్వాత పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ ఆఫీసులో ఇంజినీరుగారి దగ్గరికి వెళ్ళాం. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, నెమ్మదస్తుడు. ఈసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆయన విని, "ముందు కింది లైనుకి, తర్వాత పై లైనుకి వదలడం నాకు పెద్ద పని కాదు మేడం. చాబీ తిప్పే వరస మారుతుంది, అంతే" అన్నాడు హిందీలో. "కానీ పై లైనువాళ్ళు నా మీద పడతారు. వాళ్ళ పెద్దమ్మగారు సరేనంటే రేపే మార్పిస్తాను."

పై లైను పెద్దమ్మగారంటే మాటలా? గోల్ ఘర్ సెంటర్లో ప్లాస్టిక్ సామాన్ల దుకాణం ఆవిడది. మామగారు కాకినాడ వైపు నుంచి వచ్చి పెట్టిన కొట్టు. తెలుగు చర్చిలో ఆవిడ మాటకి తిరుగులేదు. పైగా మా క్లాసులో ఆ మూడో బెంచీ అమ్మాయి పక్కన కూర్చునే పిల్ల ఆవిడ మనవరాలే. "నువ్వు చెప్పచ్చుగా మీ నానమ్మకి?" అంటే ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, "నానమ్మ దగ్గర నోరు తెరిస్తే చేతిలో చీపురు పెడుతుంది మేడం" అంది.

సరే, మనమే ఒప్పిద్దామని కవిగారి చేత ఉపన్యాసం తయారు చేయించాను. ఈసారి బల్లులు లేవు, ఉపమలు మాత్రం ఉన్నాయి. ఓ సాయంత్రం నలుగురైదుగురం దుకాణానికి వెళ్ళాం. పెద్దమ్మగారు బాల్చీలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తోంది. "రండి టీచరమ్మా, రండర్రా. ఏం కావాలి?"

కవిగారిని ముందుకి తోశాను. వాడు చేతులు కట్టుకుని అందుకున్నాడు. నీరు ప్రాణం వంటిది, మీ హృదయం సాగరం వంటిది, మా స్నేహితురాలి చదువు గాలిలో దీపం వంటిది. ఆవిడ చివరిదాకా వింది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా అయ్యాక వాడి భుజం మీద చెయ్యేసింది.

"ఎంత బాగా చెప్పావు నాన్నా! ఎక్కడ ఉంటారు మీరు?"

"చౌల్దారీ నానమ్మా."

"అరే, అంత దూరమా? పొద్దున్నే బస్సెక్కుతావా? అయితే మధ్యాహ్నానికి అన్నం చల్లారిపోతుందిగా?"

"ఔను నానమ్మా, ముద్దయిపోతుంది."

"అయ్యో నా తండ్రీ. మీ అమ్మ ఎంత బాధపడుతుందో! ఇదిగో, ఈ డబ్బా చూడు. పొద్దున్న పెట్టిన అన్నం మధ్యాహ్నం దాకా పొగలు కక్కుతుంది."

అలా ఒక్కొక్కళ్ళనీ పలకరించింది. తమ్ముళ్ళున్న పిల్లకి తమ్ముళ్ళ గురించి, జలుబు చేసినవాడికి జలుబు గురించి. చివరికి నా వైపు తిరిగి, "టీచరమ్మా, నడక చూస్తే మోకాళ్ళు పట్టేసినట్టున్నాయే? వంటింట్లో నిలబడే చేస్తున్నారా ఇంకా?" అని కుర్చీలాంటి స్టూలొకటి ముందుకి జరిపింది. కూర్చున్నాను. సుఖంగా ఉంది, ఏం చేయను.

నీళ్ళ సంగతి మాత్రం తేల్చి చెప్పింది. "మా మామగారు ఆ ఇల్లు కట్టినప్పటి నుంచీ తెల్లారే మొదటి నీళ్ళు మావే. ఇల్లు కడుక్కుని ప్రార్థనలో కూర్చుంటాం. ఆ పద్ధతి మార్చమని నన్నడక్కండి. దేవుడు ఆ పిల్లకి ఇంకో దారి చూపిస్తాడు."

రోడ్డు మీదికొచ్చి ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. కవిగారి చేతిలో టిఫిన్ డబ్బా. ఒకరి చేతిలో మగ్గు, ఒకరి చేతిలో సబ్బు పెట్టె. నా చంకలో స్టూలు. ఒప్పించడానికి వెళ్ళినవాళ్ళం ఒప్పుకుని వచ్చాం! ఒకడికి నవ్వు మొదలైంది. ఇక గోల్ ఘర్ సెంటర్లో నిలబడి కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. దారినపోయేవాళ్ళు నన్ను చూసి ఏమనుకున్నారో దేవుడికెరుక.

మర్నాడు ఆ స్టూలు క్లాసులోకి తెచ్చి బల్ల మీద పెట్టాను. "ఇది నేను కొనాలనుకోలేదు. నా చేత ఎలా కొనిపించింది? చెప్పండి" అన్నాను. పిల్లలు ఆలోచించారు. సబ్బు పెట్టె కొన్న పిల్ల లేచి, "తన గురించి ఏమీ చెప్పలేదు మేడం. ముందు మా గురించి అడిగింది" అంది. కవిగారు తల గోక్కున్నాడు. "నేను మన బాధే చెప్పాను. నానమ్మకి ఏం కావాలో అడగనే లేదు." అంతే. ఒకరిని ఒప్పించడం గురించి నేను ఇన్నేళ్ళూ చెప్పిన పాఠాలన్నీ ఆ రెండు మాటల్లోకి వచ్చేశాయి. ఆవిడకి గురుదక్షిణ మేం ముందే చెల్లించాం.

తర్వాతి పానీ డే. హాజరు తీస్తూ ఆ పిల్ల పేరు దగ్గరికొచ్చాను. జవాబు లేదు. అప్పుడు పెద్దమ్మగారి మనవరాలు పక్కనున్న ఖాళీ చోటు మీద చెయ్యి పెట్టి, "మేడం, అక్కడ డ్రమ్ పెడితే మనిషి ఉన్నట్టే కదా? మరి ఇక్కడ కూడా డ్రమ్ పెడదామా?" అంది.

మొదట అందరూ నవ్వారు. తర్వాత ఎవరికి వాళ్ళే ఆగిపోయారు.  ఊరంతా వచ్చిందంటాం, ఊరు నడిచి వస్తుందా? ఒకదాని పేరు చెప్పి దాన్ని ఆనుకున్న మరొకదాన్ని తలపించడం అలంకారశాస్త్రంలో ఉంది గానీ మా పదో తరగతి పుస్తకంలో లేదు. చీపురికి భయపడి నోరు తెరవని పిల్ల దాన్ని బెంచీ మీద నుంచి అందుకుంది. "బంగారం, కూర్చో" అన్నాను. 

తల్లిదండ్రుల సమావేశం దగ్గరపడుతోంది. దాన్ని పానీ డే నాడే పెట్టించమని హెడ్మాస్టరు గారి దగ్గరికెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు తీశారు. "డ్రమ్ములా? క్లాసులోనా? మేడం, ఇది ధర్నా కాదు కదా?"

"ఛ ఛ, ధర్నా ఏమిటి సార్? అలంకారాల ప్రదర్శన."

"నినాదాలు ఉండవుగా?"

"పాఠం తప్ప ఇంకేమీ ఉండదు సార్. హాజరు కూడా మామూలుగానే తీస్తాను." ఆయన మంచివాడే, భయస్తుడు. ఆ రోజు తనకి వేరే పనుందని చెప్పి సంతకం పెట్టేశారు. ఓడ హారన్ లేకపోవడం మాకూ మంచిదే అయింది.

ఇంకో చిక్కు మిగిలింది. ఉత్త డ్రమ్ము ఏదో ఒకటి తెచ్చి పెడితే నాటకంలా ఉంటుంది. ఆ ఇంటి డ్రమ్మే రావాలి. నీళ్ళొచ్చే రోజున ఒక డ్రమ్ము ఇవ్వడమంటే ఆ ఇంటికి ఒక డ్రమ్ము నీళ్ళు తగ్గడం. గొయ్యి సంగతి ఎవరూ మరిచిపోలేదు కూడా. నేను మాట్లాడతానంటే ఆ పిల్ల వద్దంది. "అమ్మకి మీ మీద ఇంకా గుస్సా ఉంది మేడం. నేనే అడుగుతాను." ఎలా అడిగిందో తర్వాత చెప్పింది.

"డ్రమ్ము బడికి పట్టుకెల్లిపోతే నీలు దేన్లో పడతావే? నీ నెత్తిమీదా?" అందట తల్లి.

"ఈ ఒక్కరోజు అది బడికెళ్తే, ఆ తర్వాత రోజూ నేను వెళ్తానమ్మా" అందట కూతురు.

తల్లి ఓటి డ్రమ్ము పక్కకి తోసి, ఎర్రమూత ఉన్న కొత్త నీలం డ్రమ్ము ఇచ్చిందట. ఆ పిల్ల చెప్పిన మాటలో ఏ అలంకారం ఉందో నన్నడక్కండి. అడిగితే పాడవుతుంది.

సమావేశం నాడు పొద్దున్నే కింది లైను డ్రమ్ములు మా క్లాసుకొచ్చాయి. తోమి, తుడిచి, మూతలు పెట్టి, ఎవరి చోట్లో వాళ్ళ ఇంటి డ్రమ్ము. మూడో బెంచీలో మనవరాలి పక్కన ఎర్రమూత. తల్లిదండ్రులు వెనక వరసల్లో కూర్చున్నారు. పై లైనువాళ్ళు చాలామందే వచ్చారు, పెద్దమ్మగారు ఇస్త్రీ చీరలో మధ్యలో. గుసగుసలు మొదలయ్యాయి. నేనేమీ పట్టనట్టు రిజిస్టరు తీసి పేర్లు పిలవడం మొదలెట్టాను. డ్రమ్మున్న చోటు పేరు వచ్చినప్పుడల్లా ఆగి, ఆ డ్రమ్ము వైపు ఒకసారి చూసి, రాసుకుని, ముందుకెళ్ళాను.

పెద్దమ్మగారికి ఓపిక పోయింది. "ఏం టీచరమ్మా, డ్రమ్ములకి కూడా హాజరు వేస్తారా మీ బళ్ళో?" అందరూ నవ్వారు.

"హాజరు కాదండీ, గైరుహాజరు" అన్నాను.

నవ్వు కొంచెం తగ్గింది. అప్పుడు మనవరాలు లేచింది. కవిగారు రాసిచ్చిన కాగితం చేతిలో ఉంది గానీ దాని వైపు చూడలేదు. "నానమ్మా, నాకు లెక్కలు రావని నువ్వు తిడతావు కదా? ఇది నాకు లెక్కలు నేర్పే పిల్ల. పానీ డే వస్తే దీని చోట్లో డ్రమ్ కూర్చుంటుంది. డ్రమ్ నాకు ఏం చెప్తుంది నానమ్మా?"

ఆ మాట అని తానే బిక్కచచ్చిపోయి కూలబడింది. పెద్దమ్మగారు ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి, "మే ఐ కమిన్ మేడం?" అని వినిపించింది. ఆ పిల్ల. మిగిలిన డ్రమ్ములు నింపి పరిగెత్తుకొచ్చినట్టుంది, పరికిణీ మోకాళ్ళ దాకా తడిసి నీళ్ళోడుతోంది. రమ్మన్నాను. మూడో బెంచీ దాకా నడిచి, అక్కడే నిలబడిపోయింది.

"కూర్చోమ్మా, ఎందుకు నిలబడ్డావు?" అంది పెద్దమ్మగారు.

"నా చోట్లో డ్రమ్ముంది నానమ్మా."

ఒట్టు, ఆ మాట మేం నేర్పింది కాదు. ఆ పిల్ల ఎవరినీ పొడవడానికి అనలేదు. అడిగారు కాబట్టి ఉన్నది చెప్పింది.  పెద్దమ్మగారు లేచింది. బెంచీల మధ్యలోంచి నడిచొచ్చి, ఆ డ్రమ్మునొకసారి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది మా కొట్లోదే. మీ అమ్మకి నేనే ఇచ్చాను, నీళ్ళకి బాగుంటుందని" అంది నెమ్మదిగా. రెండు చేతులా ఎత్తి కింద పెట్టింది. బెంచీ మీద తడి ఉంటే ఆ ఇస్త్రీ చీర చెంగుతోనే తుడిచింది. ఆ పిల్ల రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

తర్వాత ఆవిడ వెనక్కి తిరిగి పై లైనువాళ్ళ మీద పడింది. "ఏమర్రా, మనకి మోటర్లున్నాయి. మీట నొక్కడానికి తెల్లారుజామైతే ఏంటి, బడి గంటైతే ఏంటి? వేలు నొప్పెడుతుందా?"

"మరి ప్రార్థనకి ముందు ఇల్లు కడుక్కోవద్దా అమ్మగారూ?" అన్నారెవరో.

"ముందురోజు నీళ్ళు దాచుకుని కడుక్కో. ఆ పిల్ల చదువు పోగొట్టి కడిగిన ఇల్లు శుభ్రమౌతుందా? దాచుకోవడానికి డ్రమ్ము లేకపోతే మా కొట్టుకి రా, మంచివి వచ్చాయి."

క్లాసు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. నేను, కవిగారు, మా అలంకారాలు కలిసి ఇన్ని వారాలు గింజుకున్న పనిని ఆవిడ నిలబడ్డ చోట తేల్చేసింది. అప్పుడు కూడా నాలుగు డ్రమ్ములు అమ్ముకునే ఉంటుందని నా అనుమానం.

ఇంజినీరుగారు మాట నిలబెట్టుకున్నారు. చాబీ భయ్యా వరస మార్చాడు. కొత్త పద్ధతిలో మొదటి పానీ డే నాడు నేను హాజరు తీస్తూ ఆ పిల్ల పేరు పిలిచాను. "హాజర్ మేడం!" పొదుపుగా మాట్లాడే పిల్ల, కిటికీలు అదిరేలా అరిచింది. వెంటనే క్లాసంతా బల్లలు బాదడం మొదలెట్టింది. పక్క గదిలోంచి లెక్కల మాస్టారు భూకంపమేమో అని పరిగెత్తుకొచ్చారు. ఇక్కడ భూకంపాలతో ఆటలాడకూడదు గానీ, ఆ రోజు నేనూ బల్ల మీద రెండు చేతులా బాదానని చెప్పడానికి సిగ్గుపడను.

అక్కడి నుంచి ఆ పిల్ల ఒక్క పూట కూడా మానలేదు. హాజరు అంచు మీద గట్టెక్కింది. హాల్ టికెట్ వచ్చిన రోజున వాళ్ళమ్మ పెద్ద కొక్కరి చేప ఆకులో చుట్టి మా ఇంటికి పట్టుకొచ్చింది. "టీచరుగారూ, ఆ గొయ్యి మాట మర్సిపోండి" అంది. నేనెక్కడ మరిచిపోతాను? పరీక్షలో అలంకారానికి సొంత ఉదాహరణ రాయమని అడిగారు. మా క్లాసులో సగం మంది బెంచీ మీద డ్రమ్ము గురించే రాసొచ్చారట. ఆ పేపర్లు దిద్దిన మహానుభావుడెవరో ఎంత తల పట్టుకున్నాడో పాపం, మార్కులు మాత్రం వేశాడు.

ఆ పిల్ల ఇప్పుడు జెట్టీ దగ్గర పడవ టికెట్ల ఆఫీసులో పనిచేస్తోంది. మైకులో మూడు భాషల్లో ప్రకటనలు చదివేది ఆవిడే. నేను రిటైరైన రోజున ఆ క్లాసు పిల్లలంతా వచ్చారు. శాలువాలు, దండలు అయ్యాక ఆ పిల్ల ఒక నీలం డ్రమ్ము మోసుకొచ్చి నా ముందు పెట్టింది. ఎర్రమూతే. అడుగు పగిలిపోయింది, నీళ్ళు నిలవవు. "ఇక దీనితో నాకు పనిలేదు మేడం" అంది.

అది మా వరండాలో, గోల్ ఘర్ స్టూలు పక్కనే ఉంది. మొదట చెప్పానే, కొత్త టీచర్లు వస్తారని, వాళ్ళు టీ తాగుతూ దాని వైపు చూస్తారు. పూలమొక్కైనా పెట్టకుండా ఈ పగిలిన డ్రమ్మెందుకు ఉంచుకున్నారు మేడం, అని అడుగుతారు.

"డ్రమ్మేమిటమ్మా, మా మూడో బెంచీ పిల్ల అది. ఒకప్పుడు బడికి రాలేకపోయేది" అంటాను.